కమ్యూనిటీ కాలేజీలో ఎకనామిక్స్: ముందు లెక్కల క్లాసులో సీటు పట్టుకో

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తొమ్మిదో తరగతి దాకా హనుమకొండలో చదివి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వచ్చావు. నాన్నగారిది హెచ్-1బీ ఉద్యోగ వీసా, నీది ఆ వీసా ఉన్నవాళ్ళ కుటుంబానికి ఇచ్చే హెచ్-4. ఈ ఏడాదితో హైస్కూల్ అయిపోతోంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లైన బర్కిలీ, యూసీఎల్ఏ రెండూ రాలేదు. సీటొచ్చిన చోట ఫీజు, హాస్టల్ ఖర్చు చూసి ఇంట్లో వెనకాడుతున్నారు. నీకేమో ఎకనామిక్స్ అంటే ఇష్టం. దగ్గర్లో ఉన్న కమ్యూనిటీ కాలేజీలో, అంటే డిగ్రీ మొదటి రెండేళ్ళ చదువు తక్కువ ఫీజుకి చెప్పే ప్రభుత్వ కాలేజీలో, రెండేళ్ళు చదివి, మూడో ఏడాదికి యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవుదామని నీ ఆలోచన. "కమ్యూనిటీ కాలేజీ అంటే మనవాళ్ళు ఏమనుకుంటారో" అని అమ్మగారి బెంగ. డిగ్రీ విలువ తగ్గుతుందా, ఏ కోర్సులు తీసుకోవాలి, ఎక్కడ దెబ్బతింటాం అని నువ్వు అడిగావు.

నేనూ ఆ దారిలోనే వచ్చాను. గుంటూరులో ఇంటర్ ఎంపీసీ చదివి, పద్దెనిమిదేళ్ళప్పుడు అమ్మానాన్నలతో కాలిఫోర్నియా వచ్చాను. కమ్యూనిటీ కాలేజీలో చేరి, యూసీకి ట్రాన్స్‌ఫర్ అయి, ఆ తర్వాత ఎకనామిక్స్‌లో మాస్టర్స్ చేశాను. ఇప్పుడు బే ఏరియాలో (శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) రెండు కమ్యూనిటీ కాలేజీల్లో మైక్రో, మాక్రో ఎకనామిక్స్ చెప్తున్నాను. పద్నాలుగేళ్ళయింది. ఏటా నా క్లాసులోంచి కొంతమంది డేవిస్‌కీ, శాంటా బార్బరాకీ, బర్కిలీకీ వెళ్తుంటారు. వెళ్ళగలిగి కూడా ఆగిపోయేవాళ్ళనూ చూస్తున్నాను. ఎందుకు ఆగిపోతారో తెలుసు కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు అమ్మగారి బెంగ సంగతి. మన దగ్గర పదో తరగతి అయ్యాక పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరేవాళ్ళు మీ బంధువుల్లో ఒక్కరైనా ఉంటారు. చివరికి వాళ్ళ చేతికొచ్చేది అదే బీటెక్ పట్టా. ఇదీ అంతే. నీ డిగ్రీ మీద యూసీ పేరే ఉంటుంది, కమ్యూనిటీ కాలేజీ పేరు ఉండదు. పైగా ఇక్కడ ఇది దొడ్డిదారి కాదు, రాష్ట్రం కావాలని వేసిన రహదారి. 1960లో కాలిఫోర్నియా మాస్టర్ ప్లాన్ అని ఒకటి తెచ్చారు. యూసీ, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ (సీఎస్‌యూ), కమ్యూనిటీ కాలేజీలు మూడింటికీ ఎవరి పని వాళ్ళకి పంచి, కింది మెట్టు నుంచి పై మెట్టుకి ఎక్కే దారి అందులోనే పెట్టారు. దాని వెనక ప్రధానంగా ఉన్న క్లార్క్ కెర్ అప్పటి యూసీ ప్రెసిడెంట్, చదువు రీత్యా ఎకనామిస్టే. బర్కిలీలో పీహెచ్‌డీ చేసినాయన. ఇప్పుడు రాష్ట్రంలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. యూసీకి ట్రాన్స్‌ఫర్ అయ్యేవాళ్ళలో పదింట తొమ్మిది మంది కంటే ఎక్కువ వీటిలోంచి వచ్చేవాళ్ళే.

డబ్బు లెక్క నాన్నగారికి చూపించు. కాలిఫోర్నియాలో స్థిరంగా ఉంటున్నవాళ్ళకి, అంటే రెసిడెంట్లకి, కమ్యూనిటీ కాలేజీ ఫీజు యూనిట్‌కి (క్రెడిట్‌కి) 46 డాలర్లు. 2012 నుంచీ అదే. ఏడాదికి 30 యూనిట్లు తీసుకుంటే 1,380 డాలర్లు, దాని మీద చిన్నాచితకా ఫీజులు. అదే యూసీలో రెసిడెంట్లకి ట్యూషన్ ఒక్కటే 14, 15 వేల డాలర్ల దాకా ఉంటుంది. హాస్టల్, భోజనం కలిపితే ఖర్చు దానికి రెట్టింపు దాటిపోతుంది. నువ్వు ఇంటి నుంచే వెళ్ళొస్తావు కాబట్టి ఆ ఖర్చు రెండేళ్ళు తప్పుతుంది. క్లాసులు ఎంచుకునేటప్పుడు "జీరో టెక్స్ట్‌బుక్ కాస్ట్" అని గుర్తున్న సెక్షన్ ఉంటే చూడు, పుస్తకాల ఖర్చు కూడా ఉండదు. ఎకనామిక్స్‌లో అలాంటి సెక్షన్లు చాలానే దొరుకుతాయి.

హెచ్-4 వాళ్ళకి రెసిడెంట్ ఫీజు వస్తుందా అని చాలామంది అడుగుతారు. వస్తుంది. హెచ్-1బీ, హెచ్-4 వీసాల మీద ఉన్నవాళ్ళు కాలిఫోర్నియాలో రెసిడెన్సీ చూపించుకోవచ్చు. అమ్మానాన్నలు ఏడాది పైగా ఇక్కడ ఉంటున్నట్టు పన్ను కాగితాలు, డ్రైవింగ్ లైసెన్స్, లీజు లాంటివి అడ్మిషన్స్ ఆఫీసుకి ఇవ్వాలి. ఇంటర్నెట్ అప్లికేషన్‌లో వీసా రకం నింపగానే కొన్నిసార్లు సిస్టమ్ నిన్ను నాన్-రెసిడెంట్‌గా వేసేస్తుంది. బిల్లు చూసి కంగారు పడకు. కాగితాలు పట్టుకుని ఆఫీసుకి వెళ్తే సరిచేస్తారు. ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మాత్రం ఈ వెసులుబాటు లేదు. ఈ వీసా సంగతి మళ్ళీ చివర్లో చెప్తాను, ఎందుకంటే నీ విషయంలో అసలు చిక్కు అక్కడే ఉంది.

ఇక చదువు.

ఎకనామిక్స్ కోసం కమ్యూనిటీ కాలేజీలో చేరే పిల్లలు మొదటి టర్మ్‌లో ఎకనామిక్స్ తీసుకుంటారు, ఇంగ్లిష్ తీసుకుంటారు, ఇంకేదైనా తేలికైనది తీసుకుంటారు. లెక్కలు "తర్వాత చూద్దాం" అంటారు. ఆ ఒక్క మాట దగ్గరే ఏడాది పోతుంది. కింది తరగతుల ఎకనామిక్స్ మొత్తం మైక్రో, మాక్రో రెండే కోర్సులు. ఒక్క ఏడాదిలో హాయిగా అయిపోతాయి. క్యాల్క్యులస్ అలా కాదు, ఒకటి అయితే గానీ రెండోది తీసుకోలేం. క్యాల్క్యులస్‌కి ముందు ప్రీక్యాల్క్యులస్ అవసరమైతే ఇంకో మెట్టు. యూసీకి అప్లై చేసేది చేరిన రెండో ఏడాది నవంబర్‌లోపే. అప్పటికి నీ ట్రాన్స్‌క్రిప్ట్ మీద కనబడేది ఒక ఏడాది చదువూ, వేసవీ మాత్రమే. అందులో లెక్కలు లేకపోతే ఎకనామిక్స్ మేజర్‌కి (ప్రధాన సబ్జెక్టుకి) నువ్వు సిద్ధమని చూపించడానికి ఏముంటుంది?

నా కథే చెప్తాను. నేను చదివిన కాలేజీలో ఒక కౌన్సిలర్ నా ప్లాన్ చూసి, ఎకనామిక్స్‌కి కామర్స్ పిల్లల కోసం కాస్త తేలిక చేసిన బిజినెస్ క్యాల్క్యులస్ సరిపోతుంది, అన్ని క్యాంపస్‌లూ ఒప్పుకుంటాయి అన్నారు. పెద్దవాళ్ళ మాట కదా అని నమ్మాను. రెండో ఏడాది అక్టోబర్‌లో అప్లికేషన్ నింపుతుంటే తెలిసింది, నేను ఎక్కువ ఆశపడ్డ క్యాంపస్ దాన్ని లెక్కలోకి తీసుకోదని. ఏ, బీ రెండు క్యాల్క్యులస్‌లు మొదటి నుంచి చేసేసరికి మూడో ఏడాది పట్టింది. ఆ ఏడాది మా నాన్న ఉద్యోగం కూడా ఊగిసలాటలో ఉంది. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి, నా దగ్గరికొచ్చే ప్రతి పిల్లకీ మొదట అసిస్ట్ తెరిచి చూపిస్తాను.

అసిస్ట్ డాట్ ఆర్గ్ అనేది యూసీ, సీఎస్‌యూ, కమ్యూనిటీ కాలేజీల మధ్య ఏ కోర్సుకి ఏ కోర్సు సమానమో చెప్పే అధికారిక పట్టిక. పైన విద్యాసంవత్సరం ఎంచుకోవాలి, కింద నీ కాలేజీ, దాని కింద వెళ్ళాలనుకునే యూనివర్సిటీ, ఆ తర్వాత మేజర్. పేజీ రెండు వరసలుగా వస్తుంది. ఎడమ వైపు యూనివర్సిటీ కోర్సు, కుడి వైపు నీ కాలేజీ కోర్సు. కుడి వైపు "నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్" అని ఉంటే దానికి సమానమైన కోర్సు నీ కాలేజీలో లేదని అర్థం, వేరే కాలేజీలోనో ట్రాన్స్‌ఫర్ అయ్యాకో తీసుకోవాలి. మధ్యలో చిన్న అక్షరాలతో "ఆర్", "అండ్" అని ఉంటాయి, అవి జాగ్రత్తగా చూడు. "అండ్" ఉంటే రెండు కోర్సులూ పూర్తయితేనే ఆ ఒక్కటి లెక్కకొస్తుంది. ఇష్టమైన నాలుగైదు క్యాంపస్‌ల పేజీలు ప్రింట్ తీసి, భోజనాల బల్ల మీద పక్కపక్కన పరుచుకుని, అన్నిట్లో ఉన్న కోర్సులకి ఒక రంగు, ఒక్కచోటే ఉన్నవాటికి ఇంకో రంగు వెయ్యి. అరగంట పని. ఎవరి సలహా కన్నా ఆ కాగితాలే నమ్మకమైనవి. కౌన్సిలర్ దగ్గరికి తప్పకుండా వెళ్ళు, కానీ ఆ కాగితాలు చేతిలో పట్టుకుని వెళ్ళు.

రంగులు వేస్తే నీకు కనబడేది దాదాపు ఇలా ఉంటుంది. మైక్రో, మాక్రో అన్నిచోట్లా కావాలి. ఏడాది క్యాల్క్యులస్ దాదాపు అన్నిచోట్లా కావాలి. దీన్లో బిజినెస్ క్యాల్క్యులస్‌ని కొన్ని క్యాంపస్‌లు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. సైన్స్, ఇంజనీరింగ్ పిల్లలు తీసుకునే క్యాల్క్యులస్ అయితే ఎక్కడా అడ్డు రాదు. స్టాటిస్టిక్స్ డేవిస్, బర్కిలీ లాంటి చోట్ల ముందే కావాలి. యూసీఎల్ఏ మాత్రం ఎకనామిక్స్ పిల్లలకి స్టాటిస్టిక్స్ తన దగ్గరే చెప్తుంది. ఇంగ్లిష్ రెండు కోర్సులు ఎలాగూ తప్పవు. ముందుముందు ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ ఆలోచన ఏమాత్రం ఉన్నా మల్టీవేరియబుల్ క్యాల్క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా కూడా ఇక్కడే చేసెయ్. అవే కోర్సులు యూనివర్సిటీలో చేస్తే ఫీజు పది రెట్లు.

ఇంకో సంగతి, బే ఏరియాలో ఉన్నవాళ్ళకి ఇది ముఖ్యం. డి ఆంజా, ఫుట్‌హిల్ కాలేజీలు క్వార్టర్ పద్ధతిలో, అంటే వేసవి కాక ఏడాదికి మూడు టర్మ్‌లుగా, నడుస్తాయి. ఓలోన్, మిషన్, లాస్ పోసిటాస్ లాంటివి ఏడాదికి రెండు టర్మ్‌లుండే సెమిస్టర్ పద్ధతి. సెమిస్టర్ కాలేజీలో రెండు కోర్సుల్లో అయ్యే క్యాల్క్యులస్ క్వార్టర్ కాలేజీలో మూడు ముక్కలవుతుంది. మొదటి ముక్క డి ఆంజాలో చేసి, రెండోది ఓలోన్‌లో చేద్దామంటే మధ్యలో కొన్ని అధ్యాయాలు జారిపోతాయి. యూనివర్సిటీ దాన్ని పూర్తి సిరీస్‌గా ఒప్పుకోకపోవచ్చు కూడా. ఏ కాలేజీలో క్యాల్క్యులస్ మొదలుపెడితే అక్కడే ముగించు. మిగతా కోర్సులు వేరే కాలేజీలో తీసుకున్నా ఇబ్బంది లేదు, వేసవిలో చాలామంది అలాగే చేస్తారు.

లెక్కలంటే ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానో ఒక ఉదాహరణతో చెప్తాను. మన ఇంటర్ ఎంపీసీ వాళ్ళకి ఎక్స్ స్క్వేర్‌కి డెరివేటివ్ అడిగితే నిద్రలో కూడా టూ ఎక్స్ అంటారు. నేనూ అంతే. కానీ అది దేనికి పనికొస్తుందో మైక్రో క్లాసుకి వచ్చేదాకా నాకు తెలియదు. ఒక చిన్న కార్ఖానా ఉందనుకో. వస్తువులు ఒక్కటీ చెయ్యకపోయినా అద్దె కింద రోజుకి 50 డాలర్లు. క్యూ (q) అనే సంఖ్యలో వస్తువులు చెయ్యడానికి అదనంగా క్యూ స్క్వేర్ డాలర్లు. అంటే మొత్తం ఖర్చు 50 ప్లస్ క్యూ స్క్వేర్. ఇంకొక్క వస్తువు చెయ్యడానికి పడే ఖర్చు, దాన్నే మార్జినల్ కాస్ట్ అంటాం, డెరివేటివ్ తీస్తే టూ క్యూ. సగటు ఖర్చు, మొత్తాన్ని క్యూతో భాగిస్తే వచ్చేది. ఐదు వస్తువుల దగ్గర సగటు 15, మార్జినల్ 10. పది దగ్గర సగటు మళ్ళీ 15, మార్జినల్ 20. ఏడు దగ్గర సగటు 14 చిల్లర, మార్జినల్ 14. సగటు అన్నిటికన్నా తక్కువగా ఉండేది సరిగ్గా రెండూ కలిసేచోట, ఏడుకి కొంచెం పైన, 50కి వర్గమూలం దగ్గర.

ఎందుకు అక్కడే కలుస్తాయి అంటే క్రికెట్ తెలిసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. సగటు 50 ఉన్న బ్యాటర్ తర్వాతి ఇన్నింగ్స్‌లో 30 కొడితే సగటు పడిపోతుంది, 80 కొడితే పెరుగుతుంది. తర్వాతి ఇన్నింగ్స్ మార్జినల్, ఇప్పటిదాకా ఆడింది సగటు. మార్జినల్ సగటు కన్నా కింద ఉన్నంతసేపూ సగటుని కిందికి లాగుతుంది, పైకి వెళ్ళగానే పైకి లాగుతుంది. క్యాల్క్యులస్, మైక్రో ఒకే టర్మ్‌లో చదివే పిల్లలకి ఇది రెండు వైపుల నుంచీ పడుతుంది. క్యాల్క్యులస్ లేకుండా మైక్రో చదివినవాళ్ళు బొమ్మ గుర్తుపెట్టుకుంటారు. యూనివర్సిటీలో ఇంటర్మీడియెట్ మైక్రో మొదటి వారంలోనే బొమ్మలు పోయి సమీకరణాలు వస్తాయి. అక్కడ చాలామంది ట్రాన్స్‌ఫర్ పిల్లలు బెంబేలెత్తిపోతారు.

కమ్యూనిటీ కాలేజీలో చదువు తక్కువ రకం అనే అనుమానం కూడా నీ ప్రశ్నలో కనిపించింది. నా క్లాసులో 40 మంది ఉంటారు. యూనివర్సిటీలో ఇవే మొదటి కోర్సులకి కొన్ని వందల మంది ఒకే హాల్లో కూర్చుంటారు. ఇక్కడ పాఠం చెప్పే మనిషే పేపర్ దిద్దుతుంది, సందేహాలు తీర్చే ఆఫీస్ అవర్స్‌లో కూర్చునేదీ ఆమే. ఇక క్లాసులో ఎవరుంటారనుకున్నావు? నీ వయసు పిల్లలు సగం. మిగతా సగంలో రాత్రి షిఫ్ట్ చేసి వచ్చే నర్సింగ్ అసిస్టెంట్, పదేళ్ళ తర్వాత మళ్ళీ చదువు మొదలుపెట్టిన తల్లి, సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళు.

అలాంటి క్లాసులో ఏం జరుగుతుందో చెప్తాను. 2025 వసంతంలో కోళ్ళకి బర్డ్ ఫ్లూ వచ్చి అమెరికాలో గుడ్ల ధర రికార్డుకెక్కింది. మార్చిలో డజను సగటున 6 డాలర్లు దాటింది. క్లాసులో ఒక అబ్బాయి "ధర పెరిగింది కాబట్టి డిమాండ్ తగ్గింది" అన్నాడు. అందరూ చేసే తప్పే. తగ్గింది డిమాండ్ కాదు, కొనే పరిమాణం. డిమాండ్ రేఖ కదల్లేదు, సరఫరా రేఖ ఎడమకి జరిగింది, మనం అదే డిమాండ్ రేఖ మీద పైకి వెళ్ళాం. నేను బోర్డు మీద ఆ రెండు రేఖలు గీస్తుంటే, వెనక బెంచీలోంచి కిరాణా దుకాణంలో అరలు సర్దే ఒకావిడ చెయ్యెత్తింది. "మా దుకాణంలో ధర అంత పెంచలేదు. మనిషికి రెండు అట్టల కన్నా ఎక్కువ ఇవ్వొద్దన్నారు. పొద్దున పదింటికల్లా అరలు ఖాళీ. మరి దీన్నేమంటారు?" ఆ రోజు నేను అనుకున్న పాఠం పక్కన పెట్టాను. ధర పెరగకుండా ఆపితే ఏమవుతుంది, కొరత ఎలా వస్తుంది, క్యూలో నిలబడే సమయం కూడా ధరే ఎలా అవుతుంది అని గంట పాటు మాట్లాడుకున్నాం. గుడ్లు ఎప్పుడొస్తాయో, ఎవరు ముందు పట్టుకెళ్తారో ఆవిడ చెప్తూ పోయింది. అలాంటి క్లాసు ఎక్కడ దొరికితే అక్కడ కూర్చోవడం నీకు మేలే చేస్తుంది.

అప్లికేషన్ సంగతికి వద్దాం. యూసీ ట్రాన్స్‌ఫర్‌లో నీ హైస్కూల్ మార్కులు చూడరు. ఎస్ఏటీ ప్రవేశ పరీక్ష లేదు. సిఫారసు ఉత్తరాలు అడగరు. కమ్యూనిటీ కాలేజీ జీపీఏ (గ్రేడ్ల సగటు), మేజర్ కోర్సులు, వ్యాసాలు, ఇంతే. ఇప్పుడు రాలేదని ఏడ్చిన రెండు క్యాంపస్‌ల తలుపులూ నీకు కొత్తగా తెరుచుకుంటాయి. ట్రాన్స్‌ఫర్ అయ్యేటప్పటికి 60 సెమిస్టర్ యూనిట్లు, క్వార్టర్ అయితే 90, పూర్తి కావాలి. వ్యాసాలు నాలుగు, ఒక్కోటీ 350 పదాల్లోపు. మూడింటికి ప్రశ్నలు నువ్వు ఎంచుకోవచ్చు. ఒకటి మాత్రం తప్పనిసరి: ఎంచుకున్న మేజర్ కోసం ఎలా తయారయ్యావు? చూశావా, అక్కడా మళ్ళీ లెక్కల దగ్గరికే వచ్చాం. "చిన్నప్పటి నుంచి ఎకనామిక్స్ అంటే ప్రాణం" అని రాసేవాళ్ళు వేలమంది ఉంటారు. మీ కుటుంబం ఇక్కడికొచ్చాక డాలర్‌ని రూపాయల్లోకి మార్చి చూసుకున్న మొదటి నెలల గురించో, స్టాటిస్టిక్స్ క్లాసులో నువ్వు స్వయంగా చేసిన చిన్న డేటా పని గురించో రాస్తే ఎవరైనా ఆగి చదువుతారు. చేరిన రోజు నుంచీ ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఇలాంటివి రాసుకుంటూ ఉండు.

ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ అని ఒకటుంది, అందరూ ట్యాగ్ అంటారు. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరు క్యాంపస్‌లు ఇస్తాయి. వాళ్ళు చెప్పిన జీపీఏ, కోర్సులు ఉంటే సీటు ఖాయం. ఆరింట్లో ఒక్కదానికే పెట్టుకోవాలి. సెప్టెంబర్ 1 నుంచి 30 వరకే గడువు. బర్కిలీ, యూసీఎల్ఏ, శాన్ డియాగో ట్యాగ్ ఇవ్వవు. డేవిస్‌కి ట్యాగ్ పెట్టి, బర్కిలీకీ యూసీఎల్ఏకీ మామూలుగా అప్లై చెయ్యొచ్చు. నా పిల్లలందరికీ ఇదే చెప్తాను, చేతిలో ఒక సీటు ఖాయంగా ఉంటే ఆ చలికాలం ఇంట్లో అందరూ నిద్రపోతారు. యూసీఎల్ఏ మీద ఆశ ఉంటే నీ కాలేజీలో ఆనర్స్ ప్రోగ్రామ్ ఉందేమో, దానికి యూసీఎల్ఏ వాళ్ళ ట్రాన్స్‌ఫర్ అలయన్స్ ప్రోగ్రామ్‌తో ఒప్పందం ఉందేమో మొదటి నెలలోనే కనుక్కో. రెండో ఏడాది అడిగితే ఆనర్స్ కోర్సులు పూర్తి చెయ్యడానికి టైమ్ ఉండదు. సీఎస్‌యూ వైపు వెళ్ళాలనుకుంటే ఎకనామిక్స్‌లో అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫర్ అనే రెండేళ్ళ డిగ్రీ చూడు. అది పూర్తి చేస్తే సీఎస్‌యూలో ఏదో ఒక క్యాంపస్‌లో సీటు గ్యారంటీ, కోరుకున్న క్యాంపస్‌లోనే అని కాదు.

జనవరిలో చాలామంది మర్చిపోయే పని ఒకటుంది. డిసెంబర్‌లో ముగిసే ఫాల్ టర్మ్ మార్కులు వచ్చాక యూసీ అప్లికేషన్‌లోకి మళ్ళీ వెళ్ళి ట్రాన్స్‌ఫర్ అకడమిక్ అప్‌డేట్ నింపాలి, జనవరి నెలాఖరులోపు. అప్లికేషన్ పంపేశాం కదా అని ఊరుకున్నవాళ్ళు మంచి మార్కులుండీ దెబ్బతిన్నారు. ఫలితాలు ఏప్రిల్ చివరికల్లా వస్తాయి, ఒప్పుకుంటున్నట్టు చెప్పడానికి జూన్ 1 దాకా గడువు.

మార్కుల గురించి ఒక్క మాట. సీ వచ్చిన కోర్సు మళ్ళీ చదివి గ్రేడ్ మార్చుకుందామంటే కుదరదు, సీ కన్నా తక్కువ వస్తేనే మళ్ళీ తీసుకోనిస్తారు. అందుకే టర్మ్ మధ్యలో పరిస్థితి చెయ్యి దాటుతోందనిపిస్తే గడువులోపు కోర్సు నుంచి తప్పుకుని గ్రేడ్ బదులు డబ్ల్యూ (విత్‌డ్రా) తీసుకోవడం నామోషీ కాదు. ఒకటి ఉంటే ఎవరూ పట్టించుకోరు. బర్కిలీకైనా యూసీఎల్ఏకైనా పోటీ గట్టిగా ఉంటుంది, ఏ గ్రేడ్లు ఎక్కువ, బీ గ్రేడ్లు ఒకటీ అరా ఉండేలా చూసుకో. మొదటి టర్మ్‌లో ఐదు కోర్సులు మీద వేసుకోకు. క్యాల్క్యులస్, మైక్రో, ఇంగ్లిష్, ఇంకొక్కటి చాలు.

ఇప్పుడు వీసా. హెచ్-4 పిల్లలకి 21 ఏళ్ళు నిండగానే ఆ వీసా పోతుంది. గ్రీన్ కార్డు లెక్కల్లో వయసు లెక్కగట్టే పద్ధతి వేరే ఉంది, అది లాయర్‌ని అడగాలి. నీకిప్పుడు 18. రెండేళ్ళు ఇక్కడ చదివి యూనివర్సిటీకి వెళ్ళిన మొదటి ఏడాదిలో 21 వస్తాయి. అప్పటికి గ్రీన్ కార్డు రాకపోతే ఎఫ్-1కి మారాలి. మారడానికి నెలలు పడుతుంది. ఎఫ్-1 అయితే రెసిడెంట్ ఫీజు మీద ప్రభావం పడొచ్చు, యూసీలో నాన్-రెసిడెంట్ అదనపు ఫీజు ఏడాదికి 30 వేల డాలర్లు దాటుతుంది. కమ్యూనిటీ కాలేజీలో ఆదా చేసినదాంట్లో చాలా భాగం ఆ ఒక్క ఏడాదిలో కరిగిపోతుంది. కాబట్టి ఈ మాట ఇప్పుడే నాన్నగారితో కూర్చుని మాట్లాడు. ఇమిగ్రేషన్ లాయర్‌నీ, వెళ్ళబోయే క్యాంపస్ రెసిడెన్సీ ఆఫీసునీ 20 నిండకముందే అడగండి. ఈ విషయం ఇంట్లో దాచిపెట్టి, పిల్లకి చివరి నిమిషంలో చెప్పే కుటుంబాలను చూశాను. పిల్లలు అంతకన్నా గట్టివాళ్ళు, ముందే తెలిస్తే దానికి తగ్గట్టు క్యాంపస్ ఎంచుకుంటారు.

నీ కేసులో ఇంకో చిన్న అంశం కూడా చూడాలి. ఎఫ్-1 మీద డిగ్రీ అయ్యాక ఓపీటీ, అంటే చదివిన రంగంలో ఉద్యోగం చేసుకునే అనుమతి, ఏడాది. ప్రభుత్వం వేసిన స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలో ఉన్న మేజర్ అయితే ఇంకో 24 నెలలు కలుస్తాయి. మామూలు ఎకనామిక్స్ ఆ జాబితాలో లేదు, ఎకనామెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ ఉంది. ఆ జాబితాలో దాని కోడ్ 45.0603. చాలా యూనివర్సిటీలు తమ ఎకనామిక్స్ డిగ్రీని ఈ కోడ్ కిందికి మార్చుకున్నాయి. క్యాంపస్‌లు పోల్చుకునేటప్పుడు ఈ డిగ్రీకి ఏ కోడ్ ఉందని ఈమెయిల్‌లో అడిగి, వాళ్ళిచ్చిన జవాబు దాచుకో. నాన్నగారు కంప్యూటర్ సైన్స్ వైపు మొగ్గుతుంటే ఈ కోడ్ సంగతి ఆయనకి నచ్చుతుంది. అప్పుడప్పుడు ఒక ప్రోగ్రామింగ్ కోర్సు కూడా కలుపుకో, ఎకనామిక్స్ డేటాని స్టాటిస్టిక్స్‌తో పరిశీలించే ఎకనామెట్రిక్స్‌లో ఆర్ (R), పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలు ఎలాగూ కావాలి.

ట్రాన్స్‌ఫర్ అయ్యాక మొదటి టర్మ్ కష్టంగా ఉంటుంది, ముందే చెప్తున్నాను. యూసీల్లో బర్కిలీ, మెర్సెడ్ తప్ప మిగతావన్నీ క్వార్టర్ పద్ధతి. పది వారాల్లో పాఠం అయిపోతుంది, నాలుగో వారానికల్లా మిడ్‌టర్మ్ వచ్చేస్తుంది. సెమిస్టర్ కాలేజీ నుంచి వెళ్ళినవాళ్ళు ఊపిరి పీల్చుకునేలోపే ఒక పరీక్ష అయిపోతుంది. డేవిస్‌లో నా మొదటి మిడ్‌టర్మ్‌లో 52 వచ్చాయి. ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి ఏడ్చాను. మర్నాడు టీఏ (ప్రొఫెసర్‌కి సాయంగా ఉండే టీచింగ్ అసిస్టెంట్) ఆఫీస్ అవర్స్‌కి వెళ్ళాను, ఆ తర్వాత ప్రతి వారం వెళ్ళాను. కమ్యూనిటీ కాలేజీలో టీచర్ గది తలుపు కొట్టడం అలవాటైంది కాబట్టి ఆ జంకు నాకు లేదు. హైస్కూల్ నుంచి నేరుగా వచ్చిన నా రూమ్‌మేట్ నాలుగేళ్ళలో ఒక్క ప్రొఫెసర్ గదిలోకీ అడుగుపెట్టలేదు.

ఫాల్ రిజిస్ట్రేషన్ తెరిచే తేదీ నీ కాలేజీ పోర్టల్‌లో ఉంటుంది. కొత్తగా చేరేవాళ్ళ వంతు చివర్లో వస్తుంది. ఓరియెంటేషన్, ఎడ్యుకేషన్ ప్లాన్ ముందే పూర్తి చేసినవాళ్ళకి కాస్త ముందు తేదీ ఇస్తారు, కాబట్టి ఆ రెండూ ఈ వారమే చేసెయ్. నీ వంతు రాగానే మొదట క్యాల్క్యులస్ సెక్షన్‌లో సీటు పట్టుకో. సాయంత్రం సెక్షనైనా, తెల్లవారుజాము సెక్షనైనా సరే. మైక్రో, మాక్రో సెక్షన్లు చాలా ఉంటాయి, అవి తర్వాత దొరుకుతాయి. క్యాల్క్యులస్ నిండిపోయి ఉంటే వెయిట్‌లిస్ట్‌లో చేరి, మొదటి రోజు ఆ క్లాసులో ముందు వరసలో కూర్చో. రానివాళ్ళ పేర్లు మొదటి వారంలోనే కొట్టేస్తారు. ప్లాన్ తయారయ్యాక అసిస్ట్ పేజీలతో సహా నాకు పంపు, చూసి చెప్తాను.